బార్ట్ అసలు ఎప్పుడు పుట్టాడు? సింప్సన్స్‌లో ఏ ఫ్లాష్‌బ్యాక్‌ని నమ్మాలి?

గోడమీది_పిల్లి:
ది సింప్సన్స్ (హోమర్, మార్జ్ దంపతులు, వాళ్ల పిల్లలు బార్ట్, లీసా, మ్యాగీల కార్టూన్ సిరీస్) మొదటి సీజన్ నుంచి వరసగా మళ్లీ చూస్తున్నా. మూడు నెలలుగా హాయిగా సాగిపోతోంది. నిన్న రాత్రి 19వ సీజన్‌లో 'దట్ నైంటీస్ షో' చూశాక నిద్ర పట్టలేదు. భయం వల్ల కాదు, ఒళ్లు మండి.

రెండో సీజన్‌లో, అంటే 1991లో, వీళ్లే కదా చెప్పింది: 1974లో హోమర్, మార్జ్ ఒకే హైస్కూల్లో చదివారు, డిటెన్షన్ గదిలో పరిచయమయ్యారు. మార్జ్‌కి దగ్గరవ్వడానికి హోమర్ ఫ్రెంచ్ ట్యూషన్ కావాలని అబద్ధం ఆడతాడు. అది బయటపడిన సీన్‌లో మార్జ్ ముఖం నాకిప్పటికీ గుర్తుంది. ఆ తర్వాత మూడో సీజన్‌లో 1980 కథ. మార్జ్ కడుపున బార్ట్ పడ్డాడు, హడావిడిగా పెళ్లి, చేతిలో డబ్బుల్లేవు. ఎంత బాగుంటుంది ఆ ఎపిసోడ్!

ఇప్పుడేమో 2008లో వచ్చిన ఈ ఎపిసోడ్‌లో ఇద్దరికీ 90ల్లో ఇంకా పెళ్లే కాలేదట. మార్జ్ యూనివర్సిటీలో చదువుతూ ఒక ప్రొఫెసర్ వెంట పడుతుంది. హోమర్ 'శాడ్‌గాజమ్' అని గ్రంజ్ (90ల నాటి ఒక రకం రాక్ సంగీతం) బ్యాండ్ పెట్టి పెద్ద స్టార్ అయిపోతాడు. మరి 1974 ఏమైపోయింది? 1980 పెళ్లి ఎవరిది? రెండూ నిజం కావడం కుదరదు కదా. మీరందరూ దీన్ని ఎలా మింగారు?

సోఫా_రాయుడు:
కార్టూన్ గురూ. నాలుగు వేళ్ల మనుషులు, పసుపు చర్మం. అవి నమ్మేసి తారీఖుల దగ్గర ఆగిపోయావా?

గోడమీది_పిల్లి:
@సోఫా_రాయుడు నాలుగు వేళ్లు మొదటి రోజు నుంచీ నాలుగే. 19వ సీజన్‌లో ఉన్నట్టుండి ఆరు వేళ్లు వేస్తే నువ్వూ అడుగుతావు.

లెక్కలమాస్టారు:
రచయితల ఇబ్బంది కూడా చూడాలండీ. లెక్క చాలా సులువు. 1974లో హోమర్ హైస్కూల్ చివరి ఏడాది అంటే పదిహేడు, పద్దెనిమిదేళ్లు. 1991 వచ్చేసరికి ముప్పై ఐదుకి చేరతాడు, మొదటి సీజన్లలో అతని వయసు దాదాపు అంతే. అక్కడికి సరిపోయింది.

2008కి అదే మనిషికి యాభై రెండు. బార్ట్‌కి మాత్రం ఇంకా పదే. పదేళ్ల పిల్లవాడు 2008లో ఉండాలంటే 1998 ప్రాంతంలో పుట్టాలి. కాబట్టి అమ్మానాన్నల ప్రేమకథ 90ల్లోకి జరగక తప్పదు. వయసులు పెంచకూడదని ఒకసారి అనుకున్నాక గతం ముందుకు జరుగుతూనే ఉంటుంది. అది తప్పు కాదు, అద్దె కట్టడం లాంటిది.

పసుపుముఖం:
మాస్టారి మాటే నాదీ. 1989 డిసెంబర్ 17న మొదటి ఎపిసోడ్ వచ్చింది. బార్ట్‌కి పది, లీసాకి ఎనిమిది, మ్యాగీకి ఒకటి. ఇప్పటికి 750 ఎపిసోడ్లు దాటినా అవే వయసులు. దీన్ని తేలే కాలం అంటారు. ఒప్పుకుని చూస్తే ఏ బాధా లేదు.

అసలు తమాషా పక్కన జరుగుతుంది. 1997లో కొట్టు నడిపే అపూకి పెళ్లి చేశారు. 1999లో అతని భార్య మంజులకి ఒకే కాన్పులో ఎనిమిది మంది. పెళ్లి, నెలలు నిండడం, ప్రసవం, అన్నీ మన కళ్ల ముందే అయ్యాయి. ఆ మొత్తం కాలంలో మ్యాగీకి ఒక్క ఏడాదే. ఆ ఇంట్లో కాలం నడుస్తుంది, పక్కింట్లో నడవదు :)

ఇద్దరమ్మాయిలమ్మ:
మా చిన్నది సరిగ్గా ఇదే అడిగింది. తను మొదటిసారి చూసినప్పుడు లీసా కంటే చిన్నది. ఇప్పుడు బార్ట్ కంటే పెద్దది. "అమ్మా, వీళ్లు నా వయసు దాటకుండా ఆగిపోయారేంటి" అంది. నేనేం చెప్పాలి? 'అందరూ నీలా తొందరపడరు' అన్నా.

మ్యాగీ మాట్లాడదని కూడా దాని బెంగ. 1992లో మొదటి మాట మాట్లాడే ఎపిసోడ్ పెట్టి చూపించా. ఆఖర్లో గదిలో ఒక్కతే ఉన్నప్పుడు 'డాడీ' అంటుంది, ఎవరూ వినరు. ఆ గొంతు ఎలిజబెత్ టేలర్‌ది. మరుసటి వారం నుంచి మళ్లీ నోట్లో పాలపీకే. దాన్ని కంటిన్యుటీ లోపం అంటారా? నాకైతే అది లోపం అనిపించలేదు.

లెక్కలమాస్టారు:
మీరు చెప్పిన ఆ 1992 ఎపిసోడ్‌లోనే ఒక చక్కటి చిల్లు ఉంది. పాతవన్నీ పక్కాగా ఉండేవని అనుకునేవాళ్ల కోసం రాస్తున్నా.

మూడో సీజన్‌లోని ఆ 1980 కథలో, మేలో విడుదలైన సినిమా చూసొచ్చాకే మార్జ్‌కి కడుపొస్తుంది. అంటే బార్ట్ పుట్టింది దాదాపు 1981 మొదట్లో. 1992 ఎపిసోడ్ ప్రకారం లీసా పుట్టింది 1984 లాస్ ఏంజెలెస్ ఒలింపిక్స్ జరుగుతుండగా, అంటే జూలై ఆఖరు, ఆగస్టు. ఇద్దరి మధ్య తేడా మూడేళ్లు దాటిపోయింది. ఒకరికి పది, ఒకరికి ఎనిమిది ఒకే రోజున ఉండాలంటే తేడా మూడేళ్ల లోపే ఉండాలి.

బంగారు కాలం అనుకునే సీజన్లలోనే ఇది. ఒక్కరూ గొడవ చేయలేదు.

గోడమీది_పిల్లి:
నేను ఆ ఎపిసోడ్ ఇరవై సార్లు చూసుంటా, ఎప్పుడూ తట్టలేదు. మాస్టారూ, మీకు చూడ్డానికి సరదాగా ఉంటుందా అసలు?

లెక్కలమాస్టారు:
ఇదే సరదా.

సోఫా_రాయుడు:
మీ అందరి కోసం వాళ్లే 1997లో ఒక ఎపిసోడ్ తీశారు. ఇచీ అండ్ స్క్రాచీ (సింప్సన్స్ పిల్లలు టీవీలో చూసే ఎలుక, పిల్లి కార్టూన్) అభిమాని ఒకడు లేచి, ఫలానా ఎపిసోడ్‌లో ఇచీ స్క్రాచీ ఒంట్లోని ఒకే పక్కటెముకని వరసగా రెండుసార్లు కొడితే రెండు వేరే స్వరాలు వచ్చాయి, ఇదేం మాయ జైలోఫోన్ అని నిలదీస్తాడు. దానికి హోమర్ ఎదురు ప్రశ్న వేస్తాడు: చొక్కా మీద మేధావి పనిలో ఉన్నాడని రాసుకున్న మనిషి, పిల్లల కార్టూన్ చూస్తూ రోజంతా ఎందుకు గడుపుతాడు? అతను తలొంచుకుంటాడు.

మాస్టారూ, మీ చొక్కా మీద ఏముందో ఒకసారి చూసుకోండి.

లెక్కలమాస్టారు:
గళ్లు ఉన్నాయి.

అర్ధరాత్రి_రిమోట్:
తారీఖుల గొడవ నాకు పెద్దగా పట్టదు. నాకు కడుపు మండేది ఒక్కటే. 1997 సెప్టెంబర్ 28, 'ది ప్రిన్సిపల్ అండ్ ద పాపర్'. చూడనివాళ్లకి చెప్తున్నా, స్పాయిలర్ అనుకోవద్దు, పాతికేళ్లు దాటింది.

ఎనిమిది సీజన్ల పాటు ప్రిన్సిపల్ సేమర్ స్కిన్నర్‌ని చూశాం. వియత్నాం నుంచి తిరిగొచ్చిన సైనికుడు, అమ్మ కొంగు చాటు మనిషి, బార్ట్ చేతిలో రోజూ ఓడిపోయేవాడు. ఆ రోజు బడిలో అతని సన్మాన సభ జరుగుతుంటే ఒకాయన లోపలికొచ్చి 'నేనే అసలు సేమర్ స్కిన్నర్‌ని' అంటాడు. మనం ఇన్నాళ్లూ చూసినవాడు ఆర్మిన్ టామ్‌జారియన్ అనే అనాథ. అసలు స్కిన్నర్ యుద్ధంలో చనిపోయాడనుకుని, అతని పేరు, అతని ఇల్లు, అతని అమ్మ, అన్నీ తీసుకున్నాడు.

అక్కడితో ఆగినా సర్దుకునేవాణ్ణి. ఆఖర్న ఏం చేశారు? ఊరంతా కలిసి అసలు స్కిన్నర్‌ని కుర్చీకి కట్టేసి రైలెక్కించి పంపేశారు. జడ్జి గారు ఇక నుంచి అంతా మునుపటిలాగే ఉంటుందని, ఈ విషయం ఎత్తితే చిత్రహింసే శిక్ష అని తీర్పిచ్చారు.

అంటే నేను ఎనిమిదేళ్లు జాలిపడింది, నవ్వుకుంది ఎవరిని చూసి? బార్ట్ ఏ ఏడాది పుడితే నాకేంటి, బార్ట్ బార్టే. స్కిన్నర్ విషయంలో మనిషినే మార్చేశారు. స్కిన్నర్‌కి గొంతు ఇచ్చే హ్యారీ షియరర్‌కే ఆ స్క్రిప్ట్ నచ్చలేదు, బయటే చెప్పాడు. ఇంకేం కావాలి?

పసుపుముఖం:
@అర్ధరాత్రి_రిమోట్ నువ్వు చెప్పిన ఆ తీర్పే ఆ ఎపిసోడ్‌లో అసలు జోక్ అన్నా. రచయిత డీవీడీ కామెంటరీలో చెప్పాడు కూడా, ఉన్నది ఉన్నట్టే ఉండాలి అని పట్టుబట్టే జనం గురించి రాశానని. స్ప్రింగ్‌ఫీల్డ్ జనం అంటే మనమే. నిజం తలుపు తట్టినా, రైలెక్కించి పంపేసేది మనమే. అందుకే నీకంత కోపం వచ్చింది :)

అర్ధరాత్రి_రిమోట్:
చెంపదెబ్బ కొట్టి 'నీ చెంప గురించే ఈ జోక్' అంటే నవ్వాలా?

పసుపుముఖం:
హహ. సరే, పిల్లి సంగతి చూడు మరి. సిరీస్ మొదలవ్వకముందే స్నోబాల్ చచ్చిపోయింది, మనం చూసేది స్నోబాల్ రెండు. 2004లో అదీ కారు కింద పడింది. మూడోది చేపల తొట్టెలో మునిగింది, నాలుగోది కిటికీలోంచి దూకేసింది. అయిదోది అచ్చం రెండోదానిలా ఉందని లీసా దానికి 'స్నోబాల్ రెండు' అనే పేరే ఉంచేస్తుంది, కొత్త గిన్నె కొనే ఖర్చు మిగులుతుందని. అప్పుడు అటుగా వెళ్తున్న స్కిన్నర్ ఇది మోసం కాదా అంటాడు. లీసా అతన్ని ఏమని పిలిచిందో తెలుసా? ప్రిన్సిపల్ టామ్‌జారియన్. ఆయన నోరు మూసుకుని వెళ్లిపోతాడు.

ఒక్క మాటలో లెక్క తేల్చేశారు. పిల్లి అయిదోదే, పేరు మాత్రం రెండు. అందరికీ తెలుసు, ఎవరూ అనరు.

ఇద్దరమ్మాయిలమ్మ:
ఆ సీన్‌కి నేను పడీ పడీ నవ్వా. మా పిల్లలకి అర్థం కాలేదు. టామ్‌జారియన్ ఎవరో వివరించేసరికి జోక్ చచ్చిపోయింది, పిల్లి నంబర్ మూడులాగా.

కొత్తగా_వచ్చా:
నేను ఈ సిరీస్ చూడలేదు, ముక్కలు ముక్కలుగా క్లిప్పులే చూశా. ఒక సందేహం. అన్నీ మునుపటిలాగే అయిపోతాయంటున్నారు. మరి ఎవరైనా చచ్చిపోతే తర్వాతి వారం లేచొస్తారా?

పసుపుముఖం:
@కొత్తగా_వచ్చా రారు, అదే విచిత్రం. సింప్సన్స్ పక్కింటి నెడ్ ఫ్లాండర్స్ భార్య మాడ్ 2000లో చనిపోయింది, ఇక రాలేదు. లీసా గురువు బ్లీడింగ్ గమ్స్ మర్ఫీ 1995లో పోయాడు. బార్ట్ స్నేహితుడు మిల్‌హౌస్ అమ్మానాన్నలు 1996లో విడిపోయి ఏళ్ల తరబడి విడిగానే ఉన్నారు. క్రబాపెల్ టీచర్‌కి గొంతిచ్చిన మార్షా వాలెస్ 2013లో చనిపోయాక ఆ పాత్రనే ఆపేశారు, వేరే గొంతు పెట్టలేదు. వయసు ఆగింది గానీ చావు ఆగలేదు ఆ ఊళ్లో.

కొత్తగా_వచ్చా:
కామెడీ అన్నారు కదా...

నిబ్లర్_నీడ:
ఇంత బాధ ఎందుకు పడతారు, భవిష్యత్తులో జరిగే కార్టూన్ సిరీస్ ఫ్యూచరామా చూడండి. రెండిటికీ సృష్టికర్త ఒకరే, మ్యాట్ గ్రోనింగ్. కానీ పద్ధతి వేరు. 1999లో వచ్చిన మొదటి ఎపిసోడ్‌లో పిజ్జా కుర్రాడు ఫ్రై కుర్చీలో వెనక్కి ఊగి, వెయ్యేళ్లు గడ్డకట్టించే ఫ్రీజర్లో పడిపోయే సీన్ ఉంది కదా, అక్కడ బల్ల కింద ఒక చిన్న నీడ కనబడుతుంది. రెప్పపాటు సేపు. 2003 దాకా దాని సంగతి ఎవరూ ఎత్తలేదు. అప్పుడు తెలిసింది, ఫ్రై తనంతట తాను పడలేదు, నిబ్లర్ అనే బుల్లి గ్రహాంతరవాసి తోశాడని. నాలుగేళ్లు ఆ నీడని అలా వదిలేసి కూర్చున్నారంటే గుండె ధైర్యం చూడండి. సింప్సన్స్‌లో వచ్చే వారం గురించి కూడా ఆలోచించరు.

అర్ధరాత్రి_రిమోట్:
@నిబ్లర్_నీడ నువ్వొస్తావనే చూస్తున్నా. నీ పవిత్రమైన ఫ్యూచరామాలో కుక్క సంగతేంటి?

నిబ్లర్_నీడ:
కుక్క జోలికి రాకు.

అర్ధరాత్రి_రిమోట్:
వస్తా. తెలియనివాళ్ల కోసం: 2002లో 'జురాసిక్ బార్క్'. వెయ్యేళ్ల తర్వాత మ్యూజియంలో ఫ్రైకి తన కుక్క శిలాజంగా కనబడుతుంది. క్లోనింగ్‌తో బతికించుకోవాలనుకుంటాడు. అది పదిహేనో ఏట చనిపోయిందని ప్రొఫెసర్ చెప్తాడు. నేను వదిలి వచ్చేనాటికి దానికి మూడేళ్లే కదా, మిగతా పన్నెండేళ్లు నన్ను మర్చిపోయి హాయిగా బతికుంటుందిలే అని ఫ్రై ఆ ప్రయత్నం మానేస్తాడు. ఆ తర్వాత మనకి మాత్రం చూపిస్తారు. ఆ కుక్క పిజ్జా షాపు ముందు అదే చోట కూర్చుని ఉంటుంది. ఎండ, ఆకులు రాలడం, మంచు, మళ్లీ ఎండ. ఒళ్లు నెరుస్తుంది. ఆఖరికి కళ్లు మూసుకుంటుంది.

నేను ఆ రాత్రి బాత్రూంలోకి వెళ్లి కుళాయి తిప్పి ఏడ్చా. ఇంట్లోవాళ్లకి వినబడకూడదని.

2007లో 'బెండర్స్ బిగ్ స్కోర్' వచ్చింది. అందులో కాలంలో వెనక్కి వెళ్లిన ఇంకో ఫ్రై 2000లో అదే షాపు పైన గదిలో అదే కుక్కతో కాపురం పెడతాడు. 2012లో బెండర్ అనే రోబో పేల్చిన దెబ్బకి కుక్క అక్కడికక్కడే శిలాజం అయిపోతుంది. అంటే అది ఎదురుచూడలేదు. నేను ఊరికే ఏడ్చా. నా కన్నీళ్లు ఎవరు తిరిగిస్తారు?

నిబ్లర్_నీడ:
అందులో చిల్లు లేదు, జాగ్రత్తగా చూడు. ఆ ఫ్రై మధ్యలో ఒక నార్వాల్‌ని (పొడవాటి కొమ్ములాంటి దంతం ఉండే తిమింగలం) వెతుక్కుంటూ రెండేళ్లు సముద్రం మీదికి పోతాడు. కుక్క వాకిట్లో కూర్చున్నది ఆ రెండేళ్లు అనుకోవచ్చు. ఫ్రై మళ్లీ వచ్చాడు కూడా. నాకైతే ఆ తర్వాతే ప్రాణం కుదుటపడింది. అన్నేళ్లూ కుక్క ఒంటరిగా లేదని తెలిస్తే నీకు బాధేంటి?

అర్ధరాత్రి_రిమోట్:
రెండేళ్లలో అన్ని వేసవులు, అన్ని చలికాలాలు వస్తాయా? కుక్కతో పాటు షాపు యజమాని కూడా ముసలాడవుతాడు అందులో. రెండేళ్లలో ఎవడు అంత ముసలాడవుతాడు?

ఇద్దరమ్మాయిలమ్మ:
నేను నిబ్లర్_నీడ వైపు. ఆ మొదటి ముగింపు మా పిల్లలకి ఇప్పటిదాకా చూపించలేదు. రెండోదే చూపించా. కుక్కకి తోడు ఉంది, అంతే, ఫైల్ క్లోజ్.

లెక్కలమాస్టారు:
ఇంతసేపు ఆగా, ఇక చెప్పేస్తా. అర్ధరాత్రి గారూ, మిమ్మల్ని రెండుసార్లు ఏడిపించింది ఒక్కడే.

స్కిన్నర్ ఎపిసోడ్ రాసింది కెన్ కీలర్. 'బెండర్స్ బిగ్ స్కోర్' రాసిందీ ఆయనే. ఇంకో విశేషం, స్కిన్నర్ పేరు సేమర్, ఫ్రై కుక్క పేరూ సేమరే. ఇద్దరు సేమర్ల గతాన్నీ మార్చింది ఒకే చెయ్యి.

అర్ధరాత్రి_రిమోట్:
...

అర్ధరాత్రి_రిమోట్:
పగబట్టాడన్నమాట.

లెక్కలమాస్టారు:
ఇంకా ఉంది. కీలర్ హార్వర్డ్‌లో అప్లైడ్ మ్యాథమెటిక్స్‌లో పీహెచ్‌డీ చేశాడు. 2010లో 'ద ప్రిజనర్ ఆఫ్ బెండా' రాశాడు. అందులో ప్రొఫెసర్ ఒక యంత్రం కనిపెడతాడు, ఇద్దరు కూర్చుంటే మనసులు తారుమారవుతాయి. ఒక్కటే చిక్కు. ఒకసారి మార్చుకున్న జంట ఒళ్లు మళ్లీ నేరుగా మార్చుకోలేవు. వరసబెట్టి అందరూ కలగాపులగం అయిపోతారు.

వేరే రచయిత అయితే ఆఖర్న మీట నొక్కి సరిచేసేవాడు. ఈయన కూర్చుని, ఎంతమంది ఎలా కలిసిపోయినా అదనంగా ఇద్దరు మనుషులుంటే చాలు అందర్నీ వెనక్కి తేవచ్చని సిద్ధాంతం నిరూపించాడు. తెర మీద పచ్చ బోర్డుపై ఆ నిరూపణ నిజంగానే కనబడుతుంది. ప్లాట్ హోల్ పూడ్చడానికి గణితం పుట్టించిన మనిషి.

చిన్న ఉదాహరణ. ప్రొఫెసర్, ఏమీ అనే అమ్మాయి మనసులు మార్చుకున్నారు. కొత్తవాళ్లు ఒకటోవాడు, రెండోవాడు. ముందు ప్రొఫెసర్ ఒళ్లు ఒకటోవాడితో మార్చాలి. ఏమీ ఒళ్లు రెండోవాడితో. ఇప్పుడు ఒకటోవాడి ఒంట్లో ఏమీ ఉంది, రెండోవాడి ఒంట్లో ప్రొఫెసర్ ఉన్నాడు. తర్వాత ప్రొఫెసర్ ఒళ్లు రెండోవాడితో మారిస్తే ప్రొఫెసర్ ఇంటికొచ్చాడు. ఏమీ ఒళ్లు ఒకటోవాడితో మారిస్తే ఏమీ ఇంటికొచ్చింది. మిగిలిన ఇద్దరూ ఒకరి ఒంట్లో ఒకరు ఉంటారు. వాళ్లిద్దరూ నేరుగా ఎప్పుడూ మార్చుకోలేదు కాబట్టి అయిదోసారి వాళ్లు మార్చుకుంటే సరి.

సోఫా_రాయుడు:
"ఒకటోవాడి ఒంట్లో ఏమీ ఉంది" అని చదివి 'ఏమీ లేదు' అని దిద్దబోయా. ఆ అమ్మాయి పేరు తెలుగులో రాయకండి మాస్టారూ.

కొత్తగా_వచ్చా:
ఏమీ అర్థం కాలేదు. (పేరు కాదు.)

గోడమీది_పిల్లి:
నేను అగ్గిపుల్లలతో చేసి చూశా, వచ్చింది!

సరే, అసలు విషయానికొస్తే, నా కోపం కాస్త మారింది. నిన్న తారీఖులు తప్పాయని అనుకున్నా. కానీ మాస్టారు చూపించిన ఒలింపిక్స్ చిల్లు నాకు చీమ కుట్టినట్టయినా లేదు. అర్ధరాత్రి కుక్క గురించి చెప్తుంటే తెలిసింది. నాకు ఆ డిటెన్షన్ గది కావాలి. ఆ ఫ్రెంచ్ ట్యూషన్ కావాలి. వాటి స్థానంలో గ్రంజ్ జుట్టు పెట్టి 'ఇదే అసలు' అన్నారు చూడండి, అక్కడ మండింది. 90ల్లోనే పెట్టండి, కాదనను, కానీ ఆ గదిని కూడా 90ల్లోకి మోసుకెళ్లొచ్చు కదా.

పసుపుముఖం:
@గోడమీది_పిల్లి అది న్యాయం. అయినా ఆ ఎపిసోడ్‌ని పూర్తిగా కొట్టిపారేయకు. హోమర్ సూదులు చూసి డ్రగ్స్ అనుకుంటారు అందరూ, తీరా చూస్తే ఇన్సులిన్, తీపి కాఫీలు తాగీ తాగీ షుగర్ తెచ్చుకున్నాడు. ఆ ఒక్క జోక్ కోసం పదేళ్లు జరిపినా నాకు ఓకే.

ఇంకో మాట, 2021లో వచ్చినదాంట్లో హోమర్ 90ల్లో టీనేజ్ కుర్రాడు, పిజ్జా పార్లర్‌లో డీజే. అంటే నీ గ్రంజ్ బ్యాండ్ కూడా ఎగిరిపోయింది.

గోడమీది_పిల్లి:
నేనింకా 19వ సీజన్లోనే ఉన్నా! చెప్పేముందు అడగాలి కదా!

సోఫా_రాయుడు:
1999 సింప్సన్స్ హాలోవీన్ ఎపిసోడ్‌లో నటి లూసీ లాలెస్, తన సిరీస్‌లో తప్పులు పట్టే అభిమానుల ప్రశ్నలన్నిటికీ ఒకే జవాబిచ్చింది. అలాంటిది ఎక్కడ కనబడినా మాంత్రికుడు చేశాడనుకోండి అని. నేను పాతికేళ్లుగా దాంతోనే బతుకుతున్నా.

కొత్తగా_వచ్చా:
మీరందరూ ఇంత కొట్టుకుంటుంటే ఆగలేక మొదటి సీజన్ మొదలుపెట్టా. మూడో ఎపిసోడ్‌లో ఉన్నా. హోమర్ యజమాని బర్న్స్ పక్కనుండే స్మిథర్స్ ఒళ్లు గోధుమ రంగులో, జుట్టు నీలంగా ఉంది. నేను చూసిన క్లిప్పుల్లో పసుపు కదా? తర్వాత దీనికి కథ ఏమైనా ఉందా, ఆర్మిన్‌లాగా?

లెక్కలమాస్టారు:
కథేమీ లేదు. రంగులు వేసే దగ్గర జరిగిన పొరపాటు. తర్వాతి ఎపిసోడ్లలో సరిచేశారు.

అర్ధరాత్రి_రిమోట్:
అమ్మయ్య. ఇన్ని పోస్టుల్లో ఒక్క అచ్చమైన తప్పు దొరికింది.